పక్కవాద్యం నేర్పిన పాఠం: ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జీవితం



ప్రతి ఏడాదీ జూన్‌లో బడులు తెరిచాక మేం గమనించే విషయం ఒకటుంది. ఏడో తరగతి వరకు సాయంత్రం పూట వయొలిన్ పెట్టె భుజాన తగిలించుకుని సంగీతం క్లాసుకు వెళ్లిన పాప, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆ పెట్టెను బీరువా మీదికి ఎక్కిస్తుంది. మృదంగం నేర్చుకునే బాబుకు ఫౌండేషన్ క్లాసు టైమింగ్ కుదరదు. పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట వచ్చినప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. సంగీతం మంచిదే మేడమ్, కానీ దానితో పిల్లలకు ఏం వస్తుంది?

న్యాయమైన ప్రశ్నే. ఫీజు కట్టేది మీరు, రేపటి గురించి బెంగపడేది మీరు. నేను ఇంగ్లిష్ టీచర్‌ని, సంగీతం టీచర్‌ని కాదు. అందుకే ఈ నెల నా అభిప్రాయం చెప్పడం మానేసి, ఒక మనిషి జీవితం మీ ముందు పెడతాను. చదివాక మీరే ఆలోచించుకోండి.

బడిలో బోర్డు కనిపించని పిల్లవాడు

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి రోజున, బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. ఆ తర్వాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. కాబట్టి ఆయన పెరిగింది, చదివింది, వయొలిన్ పట్టింది అంతా విశాఖలోనే.

చదివింది అన్నాను గానీ, ఆ చదువు ఎక్కువ కాలం సాగలేదు. చిన్నప్పటి నుంచీ ఆయనకు చూపు చాలా మందం. ఒక్కసారి ఆ తరగతిని ఊహించుకోండి. మాస్టారు బోర్డు మీద రాస్తారు, అందరూ చూసి రాసుకుంటారు, ఒక పిల్లవాడికి మాత్రం ఏమీ కనిపించదు. అప్పట్లో ఇప్పటిలా ప్రతి వీధిలో కళ్లజోళ్ల షాపు లేదు, స్కూల్లో కంటి పరీక్షల క్యాంపులు లేవు. కనిపించని పిల్లవాడిని చదువు రాని పిల్లవాడి కింద లెక్కగట్టడం చాలా తేలిక. ఈరోజు కూడా మా క్లాసుల్లో అది అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటుంది. వెనక బెంచీలో అల్లరి చేసే బాబుకు అసలు సమస్య కళ్లదని ఎప్పుడో ఆరు నెలల తర్వాత తెలుస్తుంది.

ఇక్కడ ఆ ఇంట్లో ఒక మంచి పని జరిగింది. బడిలో కుదరలేదని పిల్లవాడిని దేనికీ పనికిరాడని వదిలెయ్యలేదు. ఆయన అన్నగారికి వయొలిన్ తెలుసు. తమ్ముడికి మొదటి పాఠాలు ఆయనే చెప్పారు. కళ్లు సహకరించని చోట చెవులు సహకరించాయి. సంగీతంలో తొలి గురువు ఇంట్లోని అన్నే అయ్యాడు. డబ్బు పోసి కొన్న కోచింగ్ కాదది. ఒక అన్న తమ్ముడి కోసం కేటాయించిన సమయం.

మన పాటకు వచ్చిన విదేశీ వాద్యం

వయొలిన్ మన వాద్యం కాదని మీకు తెలిసే ఉంటుంది. యూరప్ నుంచి వచ్చి, సుమారు రెండు వందల ఏళ్ల కిందట కర్ణాటక సంగీతంలో చేరింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి అలవాటు చేసినవారిలో ముందు నిలుస్తారు. అక్కడివాళ్లు నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్లు నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి వాయించడం మొదలుపెట్టారు. తీగల శ్రుతిని కూడా మన షడ్జ పంచమాలకు తగ్గట్టు మార్చుకున్నారు.

ఎందుకు ఇంత కష్టపడి తెచ్చుకున్నారు? వీణ మీద మెట్లుంటాయి. వయొలిన్ మీద మెట్లు లేవు. వేలు ఎక్కడ పెడితే అక్కడి స్వరం పలుకుతుంది, జరిపితే జారుతుంది, ఊపితే ఊగుతుంది. మనిషి గొంతు ఎలా వంపులు తిరుగుతుందో అలాగే తిరుగుతుంది. అందుకే గాయకుడి పక్కన కూర్చోబెట్టడానికి అది సరిగ్గా సరిపోయింది. కానీ మెట్లు లేవంటే ఇంకో అర్థం కూడా ఉంది. వేలు పెట్టాల్సిన చోటు చూపించే గుర్తు ఏదీ లేదు. చెవి చెప్పాలి, వేలు వినాలి. ఒక్క నూలుపోగంత తేడా వచ్చినా అపశ్రుతే.

చూపు మందంగా ఉన్న పిల్లవాడికి ఈ వాద్యం ఎందుకు దగ్గరైందో ఇప్పుడు మీకే తోచి ఉంటుంది. అక్కడ కళ్లున్నవాడికీ లేనివాడికీ తేడా లేదు. వినగలిగినవాడిదే వాద్యం.

విజయనగరంలో 1919

ఇప్పుడు కథ విజయనగరానికి వెళ్తుంది. అక్కడ 1919లో మహారాజా విజయరామ గజపతి రాజు గారు ఒక సంగీత కళాశాల స్థాపించారు. దాని వెనక ఒక తండ్రి ఉన్నాడని చెబుతారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగికి చూపులేని కొడుకు ఉన్నాడట. ఆ అబ్బాయికి సంగీతం చెప్పించాలన్న కోరిక మహారాజు గారి దాకా వెళ్లిందట. ఒక్క పిల్లవాడికి ఒక మాస్టారిని పెట్టించి ఊరుకోవచ్చు. దానికి బదులు ఎంతోమంది పిల్లలు చదువుకునే కళాశాలే వచ్చింది. తల్లిదండ్రులు తమ పిల్లల కోసం అడిగే ఒక్క మాట ఎంత దూరం వెళ్తుందో చూడండి.

కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణ దాసు గారు. హరికథా పితామహుడని తెలుగువాళ్లంతా పిలుచుకునే ఆయనే.

అప్పటికి మన ద్వారం వారి వయసు ఇరవై ఆరు లోపే. వయొలిన్ బాగా వచ్చు, కానీ చేతిలో సర్టిఫికెట్ లేదు. కొత్తగా కళాశాల పెట్టారని విని, విద్యార్థిగా చేరదామని వెళ్లారని చెప్పుకుంటారు. వాయించి చూపించమన్నారు. వాయించారు. విన్న పెద్దలకు ఈ యువకుడికి అక్కడ నేర్పాల్సింది లేదని, ఈయనే నేర్పించగలడని అర్థమైంది. విద్యార్థిగా అప్లికేషన్ పెట్టుకోవడానికి వెళ్లిన మనిషి అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యారు.

మనం ఈ సంఘటనను అదృష్టం అనుకుని దాటెయ్యకూడదు. ఆ రోజు పరీక్ష పెట్టినవాళ్లు ఎక్కడ చదివావు, ఏ ర్యాంకు వచ్చింది అన్న దగ్గర ఆగిపోలేదు. వాళ్లు విన్నారు. ఒక మనిషిలో ఉన్నదాన్ని గుర్తించాలంటే ముందు పెద్దవాళ్లకు వినడం రావాలి. ఉపాధ్యాయురాలిగా ఆ మాట నాకు నేనే చెప్పుకుంటుంటాను.

కచేరీలో పక్కన కూర్చోవడమంటే

విజయనగరంలో పాఠాలు చెబుతూనే ఆయన ఆ కాలపు పెద్ద గాయకులకు పక్కవాద్యం వాయించారు. ఇక్కడ కొంచెం ఆగి, పక్కవాద్యం అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ వ్యాసంలో అసలు విషయం అదే.

మన ఊళ్లో శ్రీరామ నవమికో త్యాగరాజ ఆరాధనకో కచేరీ జరిగితే ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోండి. మధ్యలో గాయకుడు. ఒక పక్క వయొలిన్, ఇంకో పక్క మృదంగం. వెనక తంబురా. ఒక్కోసారి ఘటం, కంజిర కూడా ఉంటాయి. వాళ్ల ముందు నోట్సు ఉండదు. చాలాసార్లు ముందుగా రిహార్సల్ కూడా ఉండదు. ఆ నలుగురూ ఆ సాయంత్రమే మొదటిసారి కలిసి ఉండవచ్చు. అయినా రెండున్నర గంటలు ఒక్క మనిషిలా వాయిస్తారు. ఎలా?

గాయకుడు రాగాలాపన మొదలుపెడతాడు. వయొలిన్ కళాకారుడు ఒక్క క్షణం వెనకగా, మెల్లగా, నీడలా ఆయన వెంట నడుస్తాడు. గాయకుడు ఎటు మలుపు తిరుగుతాడో ముందే తెలియదు. విని పట్టుకోవాలి. ఆలాపన ముగిశాక వయొలిన్ వంతు వస్తుంది. ఇప్పుడు సొంతంగా వాయించుకోవచ్చు, కానీ గాయకుడు తీసుకున్నంత సమయం తీసుకోకూడదు. అది మర్యాద.

తర్వాత కీర్తన. అందులో ఒక పంక్తిని పట్టుకుని తిప్పి తిప్పి పాడే నెరవులో ఇద్దరూ వంతులేసుకుంటారు. కల్పనస్వరాల దగ్గర అసలు పరీక్ష. గాయకుడు అప్పటికప్పుడు కట్టి పాడిన స్వరాల వరసకు వయొలిన్ అప్పటికప్పుడే జవాబు చెప్పాలి. మక్కీకి మక్కీ తిరిగి వాయిస్తే చప్పగా ఉంటుంది. సంబంధం లేకుండా వాయిస్తే మొరటుగా ఉంటుంది. ఆయన చెప్పినదాన్ని అందుకుని, దానికి ఒక మాట కలిపి తిరిగి ఇవ్వాలి. ఈ సంభాషణ అంతా మృదంగం కళాకారుడు వింటూ ఉంటాడు. ముక్తాయింపు ఎక్కడ పడుతుందో పసిగట్టి ముగ్గురూ ఒకే చోట వచ్చి వాలతారు. తర్వాత తని ఆవర్తనం వస్తే గాయకుడు, వయొలిన్ ఇద్దరూ ఆగి, తాళం వేస్తూ మృదంగానికి దారి ఇస్తారు. ఇంతసేపూ మధ్యలో కూర్చున్నవాడు ఇప్పుడు వినేవాడవుతాడు.

గాయకుడు ఎక్కడైనా తడబడితే పక్కవాద్యం పని ఏమిటో తెలుసా? ఆ తడబాటు సభకు వినిపించకుండా ఆదుకోవడం. ఎత్తి చూపించే అవకాశం చేతిలో ఉన్నా చూపించకపోవడం.

పక్కవాద్యం చేసే మనిషికి తన వాద్యం ఎంత బాగా రావాలో, పక్కవారిని వినడం అంతకన్నా బాగా రావాలి. మంచి సంగీతం వినడం కూడా సాధన చేసినంత ముఖ్యమని ద్వారం వారు నమ్మేవారు. తంబురా శ్రుతి గురించి ఆయన ప్రత్యేకంగా వ్యాసాలు కూడా రాశారు. కచేరీలో మనం అసలు గమనించని వాద్యం తంబురా. పాట మొదలు నుంచి చివరి వరకు ఒకే నాదాన్ని ఇస్తూ ఉంటుంది. అందరూ దాన్ని వింటూనే శ్రుతిలో నిలబడతారు. అంత పెద్ద విద్వాంసుడు ఆ తంబురా గురించి కూర్చుని రాశారంటే, ఆయన చెవి ఎక్కడుందో తెలుస్తుంది.

యూరప్‌లోనూ అమెరికాలోనూ యూనివర్సిటీల్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదివే పిల్లలకు నలుగురితో కలిసి వాయించడం సాధారణంగా కోర్సులో భాగంగానే ఉంటుంది. నలుగురు కూర్చుని వాయించే స్ట్రింగ్ క్వార్టెట్‌లో చెయ్యి ఊపి నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరి ఊపిరి ఒకరు విని మొదలుపెట్టాలి. దానికీ మార్కులుంటాయి. అక్కడ తరగతి గదిలో క్రెడిట్లు పెట్టి నేర్పించేదాన్ని మన దగ్గర కచేరీ వేదికే నేర్పిస్తూ వచ్చింది. దారులు వేరైనా పాఠం ఒక్కటే.

పక్క నుంచి మధ్యకు

వయొలిన్ అంటే పక్కన కూర్చునే వాద్యమే అని అందరూ అనుకునే రోజుల్లో, దాన్ని వేదిక మధ్యలో కూర్చోబెట్టిన తొలివారిలో ద్వారం వారు ఒకరు. 1938లో వేలూరులో ఆయన తొలి సోలో కచేరీ జరిగింది. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు దరిదాపులు. విజయనగరంలో ఉద్యోగంలో చేరి పందొమ్మిదేళ్లు.

ఈ లెక్క ఒక్కసారి చూడండి. ఈ రోజుల్లో రెండేళ్లు నేర్చుకున్న పిల్లల్ని టీవీ షో స్టేజీ మీద నిలబెట్టాలని మనకు తొందర. అంత విద్య ఉన్న మనిషి అన్నేళ్లు ఇతరుల పాటకు అండగా కూర్చున్నారు. ఆ ఏళ్లు వృథా పోలేదు. ఎందరో గాయకుల గొంతుల్ని విని విని, ఆ పాట అంతా తన కమానులోకి తెచ్చుకున్నారు. అందుకే ఆయన ఒక్కరే వాయిస్తున్నా వినేవాళ్లకు పాట పాడుతున్నట్టే ఉండేది. మాటలు లేకుండా పాట వినిపించడం అంత తేలిక కాదు. ఊళ్లో జనం ఆయన్ని ఫిడేలు నాయుడు గారు అని పిలుచుకున్నారు.

తర్వాత గౌరవాలు వరసగా వచ్చాయి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదని అంటారు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారికి ద్వారం వారంటే ఎంతో అభిమానం. ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహూదీ మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు, రాజమన్నార్ గారింట్లోనే ద్వారం వారి వాద్యం శ్రద్ధగా విన్నారు. యూరప్‌లో పుట్టిన వాద్యం మీద మన రాగాన్ని, ఆ వాద్యంలో ఆరితేరిన పాశ్చాత్య విద్వాంసుడు కూర్చుని విన్న సందర్భం అది.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటి. 1952లో ద్వారం వారు ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం కచేరీ చేశారు. బోర్డు కనిపించక చదువు ఆగిపోయిన ఆ పిల్లవాడు, పెద్దయ్యాక తనలాంటివాళ్ల కోసం దేశ రాజధానిలో వయొలిన్ పట్టుకుని కూర్చున్నారు.

ప్రిన్సిపాల్ గారు

1936లో నారాయణ దాసు గారి తర్వాత ద్వారం వారే కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా నుంచి ఒక పేద కుర్రవాడు, చేతి ఉంగరం అమ్ముకుని సంగీతం నేర్చుకుందామని విజయనగరం చేరాడు. వెళ్లేసరికి సెలవులు. ఉండడానికి చోటు లేదు. ప్రిన్సిపాల్ గారిని వేడుకుంటే కళాశాల ఆవరణలోనే ఉండనిచ్చారు. ఆ అబ్బాయి రోజుకొక ఇంట్లో వారాలు చేసుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాట నేర్చుకున్నాడు. ఆ కుర్రవాడే మన ఘంటసాల. పి. సుశీల గారు కూడా అదే కళాశాల విద్యార్థిని. మీ ఇంట్లో పెద్దవాళ్లు రేడియోలో వింటూ పెరిగిన గొంతులు ఆ ప్రాంగణం నుంచే వచ్చాయి.

ద్వారం వారి ఇంట్లో కూడా సంగీతం కొనసాగింది. కొడుకు ద్వారం భావనారాయణ రావు గారు, కూతురు ద్వారం మంగతాయారు గారు వయొలిన్ విద్వాంసులుగా పేరు పొందారు. అన్న దగ్గర తమ్ముడు నేర్చుకున్న విద్య ఆ విధంగా తర్వాతి తరానికి అందింది.

ద్వారం వారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. వందేళ్ల జయంతి సందర్భంగా 1993లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

మన కర్నూలు, కడప పిల్లలకు

ఇదంతా ఎక్కడో విశాఖ, విజయనగరాల సంగతి, మన సీమకేం సంబంధం అనుకోవద్దు. తెలుగు సంకీర్తనకు ఆద్యుడైన అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట పక్కనే ఉంది. వర్షాలు లేకపోయినా, పంటలు ఎండినా, ఊరి భజన గుడిలో రాత్రిపూట తాళాలు ఆగని నేల మనది. ఒక్కసారి ఆ భజన మండలిని గుర్తు తెచ్చుకోండి. ఒకరు పాట ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. హార్మోనియం, డోలక్, తాళాలు ఒకదాన్నొకటి వింటూ నడుస్తాయి. ఎవరూ కోర్సు చదవలేదు. కలిసి వాయించడమనే చదువు మన తాతలకు అలాగే అబ్బింది.

ఇక క్రమంగా చదివించాలనుకుంటే దారులున్నాయి. కర్నూలులోనే ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. రాష్ట్రంలోని ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ పైన డిప్లొమా రెండేళ్లు. స్కూలు చదువు మానకుండానే పిల్లలు సర్టిఫికెట్ పూర్తి చేసుకోవచ్చు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రం, వయొలిన్, వీణ, వేణువు, మృదంగం, నాదస్వరం, డోలు, హరికథ వంటివి నేర్పిస్తారు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ సంగీత శాఖలున్నాయి. ఫీజులు, అడ్మిషన్ తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి నేరుగా కళాశాల ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సంగీతం చదివినవారందరికీ పెద్ద జీతాల ఉద్యోగాలు రావు. టీచర్ పోస్టులు, ఆకాశవాణి గ్రేడు, దేవస్థానాల కార్యక్రమాలు, సొంతంగా క్లాసులు, వీటి మీద బతుకు నడిపేవాళ్లే ఎక్కువ. ద్వారం వారికి దొరికినట్టు అందరికీ కళాశాల తలుపు తెరుచుకోదు. పిల్లల చదువు ఆపించి సంగీతంలో పెట్టమని నేను చెప్పడం లేదు. అలా చెప్పే హక్కు నాకు లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతకన్నా చిన్న విషయం. మన పిల్లలు పొద్దున ఏడింటి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా చేసే పని దాదాపు అంతా ఒంటరిగా చేసేది. ఎవరి ఓఎంఆర్ షీటు వాళ్లది. పక్కవాడి పేపర్ వైపు చూస్తే తప్పు. పక్కవాడికన్నా ఒక్క మార్కు ఎక్కువ రావడమే గెలుపు. పరీక్షకు అది తప్పదు. కానీ రేపు ఆఫీసులోనైనా, ఆస్పత్రిలోనైనా, వాళ్ల సొంత సంసారంలోనైనా కావలసింది పక్కవారిని వినడం, వంతు వచ్చేదాకా ఆగడం, తడబడ్డవారిని ఆదుకోవడం. ఆ పాఠానికి మా టైం టేబుల్‌లో పీరియడ్ లేదు. సంగీతం క్లాసులో ఉంది. పెట్టె బీరువా ఎక్కినరోజు ఆ పీరియడ్ కూడా పోతోంది.

ఈ నెలలో మీరు చేయగలిగినవి మూడున్నాయి.

మొదటిది, పిల్లల కళ్లు పరీక్ష చేయించండి. తల బాగా దగ్గరికి పెట్టి చదువుతున్నా, బోర్డు మీదివి పక్కవారి నోట్సులో చూసి రాసుకుంటున్నా, తలనొప్పి అంటున్నా ఆలస్యం చేయవద్దు. క్లాస్ టీచర్‌కు డైరీలో ఒక్క ముక్క రాస్తే ముందు బెంచీలో కూర్చోబెడతాం.

రెండోది, సంగీతం పూర్తిగా మాన్పించే ముందు వారానికి ఒక్క క్లాసైనా ఉంచగలరేమో చూడండి. ఒక్కరే కూర్చుని సాధన చేసేదానికన్నా, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి పాడే, వాయించే క్లాసైతే ఇంకా మంచిది.

మూడోది, ద్వారం వారి వయొలిన్ రికార్డింగులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. పాతవి కాబట్టి కొంచెం గరగర ఉంటుంది. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక, ఫోన్లన్నీ పక్కన పెట్టి, ఒక్క పది నిమిషాలు ఇంటిల్లిపాదీ కలిసి వినండి. తర్వాత పిల్లల్ని ఏం వినిపించిందో అడగండి. వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి.

ఒక అన్న తమ్ముడికి సమయం ఇచ్చాడు. ఒక తండ్రి కొడుకు కోసం నోరు తెరిచి అడిగాడు. కొందరు పెద్దలు సర్టిఫికెట్ లేని యువకుడి వాద్యాన్ని చివరిదాకా విన్నారు. ద్వారం వారి జీవితంలో పెద్దవాళ్లు చేసింది ఇంతే. మనమూ ఇంత చేయగలం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో కలుద్దాం.